అమెరికా వలసకాలపు అచ్చుపని: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనకు గాలిపటం, మెరుపు గుర్తొస్తాయి. ఆయన మాత్రం వీలునామాలో తన పేరు పక్కన మొట్టమొదట రాసుకున్న మాట ‘ప్రింటర్’. ఫ్రాన్సులో రాయబారిగా చేసిన సంగతీ, పెన్సిల్వేనియా అధ్యక్ష పదవీ ఆ తర్వాతే వస్తాయి. ఆ ఒక్క మాట వెనక ఎంత చాకిరీ, ఎంతమంది చేతులు ఉన్నాయో తెలిస్తే ఆ కాలం మీద మన చూపే మారిపోతుంది. 1639 నుంచి 1777 దాకా, అమెరికా తూర్పు తీరంలోని ఇంగ్లిష్ కాలనీల్లో అచ్చుపని ఎలా సాగిందన్నదే ఈ ప్రశ్నల్లో ముఖ్య విషయం.

అమెరికాలో మొదటి అచ్చుయంత్రం ఎక్కడ పెట్టారు?

ఖండం మొత్తం లెక్కలోకి తీసుకుంటే మెక్సికో నగరంలో. 1539లో స్పానిష్ పాలన కింద హువాన్ పాబ్లోస్ అనే ముద్రాపకుడు అక్కడ పని మొదలుపెట్టాడు. ఇంగ్లిష్ కాలనీలకు ఆ భాగ్యం దక్కడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

ఆ వందేళ్ల తర్వాతి కథ ఒక చావుతో మొదలవుతుంది. జోస్ గ్లోవర్ అనే పాస్టర్ 1638లో అచ్చుయంత్రం, టైపు (అచ్చుకు వాడే సీసపు అక్షరాలు), కాగితం కొనుక్కుని, స్టీఫెన్ డే అనే తాళాల పనివాణ్ణి ఒప్పందం మీద వెంటబెట్టుకుని, భార్యాబిడ్డలతో ఇంగ్లండులో ఓడ ఎక్కాడు. దారిలోనే చనిపోయాడు. ఒడ్డు చేరిన భార్య ఎలిజబెత్ గ్లోవర్ వెనక్కి తగ్గలేదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో, అప్పుడే పుట్టిన హార్వర్డ్ కాలేజీ పక్కన యంత్రం బిగించే ఏర్పాట్లు చేయించింది. పనిచేసింది స్టీఫెన్ డే, అతని కొడుకు మాథ్యూ. చరిత్ర పుస్తకాల్లో ‘మొదటి ముద్రాపకుడు’గా డే పేరే ఉంటుంది. ప్రెస్సుకు సొంతదారు మాత్రం ఎలిజబెత్. ఈ సంగతి చెప్పకుండా దాటేస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

ఆ యంత్రం మీద మొదట ఏం అచ్చు వేశారు?

1639లో ఒక ప్రమాణపత్రం. కాలనీలో పౌరుడిగా చేరేవాళ్లు చదవాల్సిన ప్రమాణం అది, ఒకే ఒక్క కాగితం. దాని అసలు ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదు. 1985లో ఒకటి దొరికిందని పెద్ద సంచలనం రేగింది, అది దొంగ ప్రతి అని తర్వాత తేలింది. ప్రమాణపత్రం వెంటే విలియం పియర్స్ అనే ఓడ కెప్టెన్ లెక్కగట్టిన పంచాంగం వచ్చింది.

పుస్తకం అనదగ్గది 1640లో వచ్చిన కీర్తనల గ్రంథం. ‘బే సామ్ బుక్’ అంటారు. 1,700 ప్రతులు వేశారు, ఇప్పుడు 11 మాత్రమే ఉన్నాయి. 2013లో అందులో ఒకటి వేలంలో కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా పలికింది. అచ్చుతప్పులకు ఆ పుస్తకంలో లోటు లేదు. తాళాలు బాగుచేసుకునే మనిషి చేతికి అక్షరాల పని వచ్చి పడితే అంతకన్నా బాగా ఎలా వస్తుంది? ప్రతి ఆదివారం చర్చిలో చేతులు మారి, అరిగి చిరిగిన పుస్తకం అది. అందుకే అన్ని ప్రతులు పోయాయి. నా దృష్టిలో అది గొప్ప చావే.

అమెరికాలో అచ్చయిన మొదటి బైబిల్ ఇంగ్లిష్‌లో కాదంటారు, నిజమేనా?

నిజం. అది అక్కడి మూలవాసుల భాషలో వచ్చింది. మసాచుసెట్ భాషలోకి జాన్ ఎలియట్ అనే పాస్టర్ అనువదించిన బైబిల్, కొత్త నిబంధన 1661లో, మొత్తం గ్రంథం 1663లో కేంబ్రిడ్జ్‌లో అచ్చయింది. ఇంగ్లిష్ బైబిల్ వేసే హక్కు ఇంగ్లండు రాజు అనుమతి ఉన్నవాళ్లకే ఉండేది. అందుకే ఇంగ్లిష్ బైబిల్ అమెరికాలో బహిరంగంగా రావడానికి 1782 దాకా ఆగాల్సి వచ్చింది. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ ఐట్కెన్ వేశాడు.

ఎలియట్ బైబిల్ విషయంలో మనం గుర్తు పెట్టుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది. నిప్మక్ తెగకు చెందిన వోవాస్. 1659లో శామ్యూల్ గ్రీన్ ప్రెస్సులో శిష్యుడిగా చేరాడు. పనిని బట్టే అతనికి ‘జేమ్స్ ప్రింటర్’ అనే పేరు పడింది. 1675లో మూలవాసులకూ వలసదారులకూ యుద్ధం వచ్చినప్పుడు తన వాళ్ల వైపు వెళ్లాడు, మరుసటి ఏడాది క్షమాభిక్ష ప్రకటిస్తే తిరిగి వచ్చాడు. బైబిల్ రెండో ముద్రణ పని నడుస్తుండగా ఎలియట్ ఒక ఉత్తరంలో తన బాధ చెప్పుకున్నాడు: అర్థం తెలిసి కంపోజ్ చేయగలిగినవాడు, అంటే అక్షరాలు పేర్చగలిగినవాడు, ప్రూఫు దిద్దగలిగినవాడు తమ దగ్గర ఈ ఒక్కడే ఉన్నాడని. తన భాష కాబట్టి ఏ అక్షరం ఎక్కడ తప్పిందో అతని కంటికి తెలుస్తుంది. మిగతావాళ్లకు అది అక్షరాల వరస మాత్రమే.

ఆ బైబిల్ మీద అతని పేరు లేదు. 1709లో అదే భాషలో వచ్చిన కీర్తనల పుస్తకం ముఖపత్రం మీద మాత్రం బి. గ్రీన్ పక్కన జె. ప్రింటర్ అని ఉంది. పనిలో చేరిన యాభై ఏళ్లకు!

వర్జీనియా పాత కాలనీ కదా, అక్కడ ప్రెస్ ఎందుకు ఆలస్యమైంది?

పాలకులు వద్దనుకున్నారు కాబట్టి. గవర్నర్ విలియం బర్క్‌లీ 1671లో లండన్‌కు పంపిన నివేదికలో, మా దగ్గర ఉచిత బడులూ అచ్చుపనీ లేనందుకు దేవుడికి కృతజ్ఞుణ్ణి, ఇంకో వందేళ్లు రాకపోతే బాగుండు అన్న అర్థంలో రాశాడు. చదువు వస్తే తిరుగుబాటు వస్తుందని ఆయన భయం.

1682లో విలియం నట్‌హెడ్ జేమ్స్‌టౌన్‌లో ప్రెస్ పెట్టాడు. వెంటనే ఆపేయించారు. అతను మేరీల్యాండ్ వెళ్లి అక్కడ కోర్టు ఫారాలూ ప్రభుత్వ కాగితాలూ వేసుకుంటూ బతికాడు. 1695లో చనిపోయాక భార్య డైనా నట్‌హెడ్ యంత్రాన్ని అనాపొలిస్‌కు తరలించి, మరుసటి ఏడాది లైసెన్సు సంపాదించింది. పూచీకత్తు కాగితం మీద ఆమె సంతకం చేయలేదు, గుర్తు వేసింది. రాయడం రాదు. అయినా ప్రెస్ నడపడానికి ముందుకొచ్చింది. కంపోజిటర్‌ను పెట్టుకుని, లెక్కలు చూసుకుని, ఖాతాదార్లను నిలబెట్టుకోవడమే ప్రెస్ నడపడమని ఆమెకు తెలుసు.

వర్జీనియాకు స్థిరమైన ప్రెస్ 1730 దశకంలో, విలియం పార్క్స్ విలియమ్స్‌బర్గ్ చేరాక వచ్చింది. 1736లో ఆయన ‘వర్జీనియా గెజిట్’ పత్రిక పెట్టాడు.

ఒక పేజీ అచ్చు వేయడం అంటే అసలు ఏం చేసేవాళ్లు?

కంప్యూటర్ రాకముందు మన ఊళ్ల ప్రెస్సుల్లో కంపోజింగ్ చూసినవాళ్లకు ఇందులో సగం తెలిసిన పనే. కంపోజిటర్ ముందు ఏటవాలుగా రెండు చెక్క కేసులు, నిండా గళ్లు. పై కేసులో పెద్దక్షరాలు, కింది కేసులో చిన్నక్షరాలు. ఈ రోజు మనం కీబోర్డు మీద అనే అప్పర్ కేస్, లోయర్ కేస్ అక్కడి నుంచి వచ్చినవే. (తెలుగు కేసుతో పోలిస్తే వాళ్ల పని సులువు. మనకు గుణింతాలు, ఒత్తులు కలిపి గళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు కావాలి.) ఎడమ చేతిలో స్టిక్కు (వరస పేర్చే చిన్న పళ్లెం) పట్టుకుని, కుడి చేత్తో ఒక్కో సీసపు అక్షరం ఏరి, తలకిందులుగా, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. చివర ఖాళీ మిగిలితే సన్నటి ముక్కలు దూర్చి వరస బిగించాలి. వరసలు పేజీ అయ్యాక, పేజీలను ఇనుప చట్రంలో పెట్టి చెక్క మేకులతో బిగిస్తే ఫారం తయారు.

ప్రెస్ పూర్తిగా చెక్కది, మనిషికన్నా ఎత్తు. ఇద్దరు పనిచేయాలి. ఒకడు సిరా పూసేవాడు, ఒకడు లాగేవాడు. సిరా పూసేవాడి చేతుల్లో పిడి ఉన్న రెండు తోలు బంతులు, లోపల ఉన్ని కూరి ఉంటుంది. వాటికి సిరా పట్టించి, ఒకదానికొకటి అద్ది, ఫారం మీద తడుతూ పోతాడు. ఎక్కువైతే అక్షరాలు పూడిపోతాయి, తక్కువైతే పేజీ వెలవెలబోతుంది. ముందురోజు సాయంత్రమే తడిపి ఉంచిన కాగితాన్ని రెండోవాడు చట్రంలో పెట్టి, మూసి, ఫారాన్ని పలక కిందికి జరిపి, పొడుగాటి కడ్డీని ఒళ్లంతా వెనక్కి వేసి లాగుతాడు. పైనుంచి దిగే పలక చిన్నది, ఫారంలో సగమే కప్పుతుంది. కాబట్టి ఒకసారి లాగి, కొంచెం జరిపి, మళ్లీ లాగాలి. ఒక వైపుకు రెండు లాగుళ్లు.

లెక్క వేసి చూడండి. నాలుగు పేజీల పత్రిక అంటే ఒక పెద్ద కాగితం, రెండు వైపులా అచ్చు. 500 ప్రతులకు 2,000 లాగుళ్లు. చేయి తిరిగిన ఇద్దరు మనుషులు గంటకు రెండు వందల చిల్లర కాగితాలు ఒక వైపు వేస్తే బాగా చేసినట్టు. అంటే ఆగకుండా లాగినా దాదాపు ఒక పూట. తర్వాత కాగితాలను పైకప్పు కింద తాళ్ల మీద ఆరేయాలి. ఫారాన్ని క్షారపు నీళ్లతో కడగాలి. ఆపైన ఒక్కో అక్షరాన్ని తిరిగి దాని గదిలోకి వేయాలి, లేకపోతే రేపటి పేజీకి అక్షరాలు ఉండవు.

తోలు బంతులు గట్టిపడకుండా రాత్రిపూట మూత్రంలో నానబెట్టేవాళ్లు. ఆ గది వాసన ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. విలియమ్స్‌బర్గ్‌లో ఇప్పటికీ పాత పద్ధతిలో అచ్చు వేసి చూపిస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఆ కడ్డీ లాగడం ఒకసారి చూపించండి.

టైపు, సిరా, కాగితం ఎక్కడి నుంచి వచ్చేవి?

టైపు దాదాపు అంతా ఓడల మీద ఇంగ్లండు నుంచే వచ్చేది. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి లండన్‌లో టైపు పోత పోసే కాస్లన్ ఫౌండ్రీ అక్షరాలంటే అక్కడ మోజు. అరిగిపోతే మళ్లీ ఓడ రావాలి. ఫిలడెల్ఫియాలో ఒక ప్రెస్సులో పనిచేస్తుండగా అక్షరాలు చాలకపోతే ఫ్రాంక్లిన్ ఉన్న అక్షరాలనే ముద్రలుగా కొట్టి, అచ్చులు చేసి, సీసం పోసి కొత్తవి చేసుకున్నాడు. అప్పటికి అమెరికాలో టైపు పోసేవాడు ఒక్కడూ లేడు. అచ్చుయంత్రమైతే 1769లో న్యూహేవెన్‌లో ఐజాక్ డూలిటిల్ అనే గడియారాల పనివాడు చేసి ఇచ్చాడు.

సిరా అంటే దీపపు మసి, కాచి చిక్కబరచిన అవిసె నూనె.

కాగితం కథ వేరు. అప్పట్లో కాగితం చెక్కతో కాదు, పాత నార బట్టల పేలికలతో చేసేవాళ్లు. 1690లో ఫిలడెల్ఫియా దగ్గర విలియం రిటెన్‌హౌస్ మొదటి కాగితపు మిల్లు పెట్టాడు. ముద్రాపకుడు విలియం బ్రాడ్‌ఫోర్డ్ అందులో భాగస్వామి. మిల్లు నడవాలంటే పేలికలు కావాలి, పేలికలు ఇళ్లలో ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి. అందుకే పత్రికలు ‘పాత గుడ్డలు కొంటాం, దాచి పెట్టండి’ అని మళ్లీ మళ్లీ ప్రకటనలు వేసేవి. ఇంట్లో చిరిగిన చొక్కా మిల్లుకు వెళ్లి, పత్రికై అదే ఇంటికి తిరిగి వచ్చేదన్నమాట.

పుస్తకాలు అమ్మి బతికేవాళ్లా?

పుస్తకాలతో పూట గడిచేది కాదు. మంచి పుస్తకాలు లండన్ నుంచి దిగుమతయ్యేవి, వాటితో పోటీ పడేంత టైపు కానీ పెట్టుబడి కానీ వీళ్ల దగ్గర లేదు. అన్నం పెట్టింది చిల్లర పని: కోర్టు ఫారాలు, ఓడ సరుకుల చీటీలు, ఒప్పంద పత్రాలు, కరపత్రాలు, చర్చి ప్రసంగాలు. మన ఊరి ప్రెస్సులు రసీదు పుస్తకాల మీద, శుభలేఖల మీద బతికినట్టే.

పైనుంచి రెండు వరాలు. మొదటిది పంచాంగం. సూర్యోదయం, చంద్రుడి కళలు, సముద్రపు ఆటుపోట్లు, కోర్టు తేదీలు, సంతలు అన్నీ అందులోనే. చాలా ఇళ్లలో బైబిల్ తర్వాత ఉండే అచ్చు కాగితం అదొక్కటే. ఏడాది తిరగ్గానే పాతదవుతుంది కాబట్టి ఏటా కొనాల్సిందే. ఫ్రాంక్లిన్ 1732 చివర్లో ‘పూర్ రిచర్డ్’ పంచాంగం మొదలుపెట్టి పాతికేళ్లు నడిపాడు, ఏడాదికి పది వేల ప్రతుల దాకా పోయేదని స్వయంగా రాసుకున్నాడు.

రెండోది ప్రభుత్వ పని. చట్టాలు, శాసనసభ చర్చలు, అన్నిటికన్నా ముఖ్యంగా కాగితం డబ్బు. ఫ్రాంక్లిన్ 1729లో కాగితం డబ్బు కావాలని ఒక కరపత్రం రాశాడు, దానివల్ల నోట్లు వేసే పని కూడా తనకు దక్కిందని ఆత్మకథలో దాచకుండా చెప్పాడు. దొంగనోట్లు ఆపడానికి నిజమైన చెట్టు ఆకు నుంచి అచ్చు తీసి నోటు వెనక వేసేవాడు. ఆ ఈనెల గీతలను చేత్తో అచ్చుగుద్దినట్టు చెక్కడం ఎవరి తరమూ కాదు.

ఈ ప్రభుత్వ పనే ముద్రాపకుడి మెడకు తాడు కూడా. గవర్నరు గురించి ఒక మాట తేడాగా వేస్తే రేపటి నుంచి ఆ పని పోతుంది.

అప్రెంటిస్ జీవితం ఎలా ఉండేది?

ఫ్రాంక్లిన్‌నే చూద్దాం. 1718లో, 12 ఏళ్ల వయసులో, బోస్టన్‌లో అన్న జేమ్స్ ప్రెస్సులో 21 ఏళ్లు వచ్చేదాకా పనిచేసేలా ఒప్పందం రాయించారు. జీతం ఆఖరి ఏడాది మాత్రమే. అన్నే యజమాని, కోపం వస్తే కొట్టేవాడు కూడా. 1722లో ఫ్రాంక్లిన్ ‘సైలెన్స్ డూగుడ్’ అనే విధవరాలి పేరుతో రహస్యంగా 14 ఉత్తరాలు రాసి రాత్రిపూట తలుపు సందులోంచి లోపలికి తోశాడు. అన్న వాటిని మెచ్చుకుని అచ్చు వేశాడు. 1723లో తమ్ముడు అక్కణ్ణుంచి పారిపోయాడు.

ఫిలడెల్ఫియాలో అతను చేరిన శామ్యూల్ కీమర్ ప్రెస్సులో ఉన్నది ఒక పాత విరిగిన యంత్రం, ఒకే ఒక సెట్టు అరిగిపోయిన టైపు. ఫ్రాంక్లిన్ వెళ్లేసరికి కీమర్ ఒక స్మృతిగీతం కంపోజ్ చేస్తున్నాడు. అక్విలా రోజ్ అనే యువ కవి చనిపోయాడు, అతనూ ప్రెస్ పనివాడే. కీమర్ ముందు రాసిన కాగితం లేదు. కవిత్వం బుర్రలోంచి నేరుగా సీసపు అక్షరాల్లోకి దిగుతోంది. ఉన్న రెండు కేసులూ ఆ గీతమే మింగేస్తుండటంతో అది పూర్తయ్యేదాకా ఇంకొకరు సాయం చేయడానికి కూడా వీల్లేదు. నాకు ఈ దృశ్యం అంటే చాలా ఇష్టం.

ఫ్రాంక్లిన్ సొంత ప్రెస్ పెట్టిన కొత్తలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల చరిత్ర పుస్తకం పని వచ్చింది, రోజుకో పూర్తి కాగితానికి సరిపడా కంపోజ్ చేయాలని నియమం పెట్టుకున్నాడు. ఒక రాత్రి పని ముగిసిందనుకునేసరికి ఒక ఫారం విరిగి రెండు పేజీల అక్షరాలు చెల్లాచెదురై కుప్పయ్యాయి. వాటిని గళ్లలోకి వేసి, మొదటి నుంచి మళ్లీ పేర్చి, ఆ తర్వాతే పడుకున్నాడు. ఆ దీపం వెలుతురు వీధిలోవాళ్లు చూశారు. అప్పు దొరకడానికి ఆ పేరే పనికొచ్చింది.

మొదటి వార్తాపత్రిక ఏది?

1690 సెప్టెంబరు 25న బోస్టన్‌లో బెంజమిన్ హ్యారిస్ తెచ్చిన ‘పబ్లిక్ అకరెన్సెస్’. నాలుగు పేజీల్లో ఆఖరిది ఖాళీగా వదిలాడు, చదివినవాళ్లు తమ కబుర్లు రాసి మరొకరికి పంపుకోవడానికి. లైసెన్సు లేదని ప్రభుత్వం వెంటనే ఆపేసింది. ఒక్క సంచికతో సరి.

నిలబడిన మొదటి పత్రిక 1704లో వచ్చిన ‘బోస్టన్ న్యూస్‌లెటర్’. పెట్టింది జాన్ క్యాంప్‌బెల్, ఊరి పోస్ట్‌మాస్టర్. టపాకూ పత్రికకూ అప్పట్లో విడదీయరాని బంధం. వార్తలు వచ్చేది టపాలోనే, పత్రిక వెళ్లేదీ గుర్రం మీది టపావాడితోనే. ఫిలడెల్ఫియా పోస్ట్‌మాస్టర్‌గా ఉన్న ఆండ్రూ బ్రాడ్‌ఫోర్డ్ తన పోటీదారు ఫ్రాంక్లిన్ పత్రికను మోయొద్దని రౌతులకు చెప్పాడు. ఫ్రాంక్లిన్ వాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టి రహస్యంగా పంపుకునేవాడు. 1737లో ఆ పదవి తనకే వచ్చాక రాబడి బాగా పెరిగిందని రాసుకున్నాడు.

1775 నాటికి కాలనీల్లో దాదాపు 37 పత్రికలు ఉన్నాయి.

జెంగర్ కేసు ఎందుకంత ప్రసిద్ధి?

జాన్ పీటర్ జెంగర్ చిన్నతనంలో జర్మనీ నుంచి న్యూయార్క్ వచ్చి, విలియం బ్రాడ్‌ఫోర్డ్ దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నాడు. ఈ బ్రాడ్‌ఫోర్డ్‌నే 1692లో ఫిలడెల్ఫియాలో అరెస్టు చేశారు. సాక్ష్యంగా పెట్టిన ఫారాన్ని చదవబోయి జ్యూరీలో ఒకాయన చేతికర్రతో పొడిస్తే అక్షరాలన్నీ రాలిపోయి సాక్ష్యమే మిగల్లేదని ఒక కథ ప్రచారంలో ఉంది. తర్వాత బ్రాడ్‌ఫోర్డ్ న్యూయార్క్ వెళ్లి ప్రభుత్వ ముద్రాపకుడయ్యాడు. 1733లో శిష్యుడు జెంగర్ గవర్నర్ విలియం కాస్బీని విమర్శించే పత్రిక అచ్చు వేశాడు. రాసింది జెంగర్ కాదు, జేమ్స్ అలెగ్జాండర్ లాంటి పెద్ద లాయర్లు. జైలుకు వెళ్లింది మాత్రం అచ్చు వేసినవాడు.

1734 నవంబరులో పట్టుకున్నారు. కట్టలేనంత జామీను పెట్టారు. ఎనిమిది నెలలకు పైగా అతను లోపల ఉంటే, భార్య ఆనా క్యాథరిన్ తలుపు రంధ్రంలోంచి అతనితో మాట్లాడి పత్రిక తెస్తూనే ఉంది. అప్పటి చట్టం ప్రకారం రాసింది నిజమైనా నేరమే. 1735 ఆగస్టు 4న ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఆండ్రూ హామిల్టన్ లేచి, అవును, నా కక్షిదారే అచ్చు వేశాడు, అది నిజమైతే తప్పేమిటో మీరే తేల్చండి అని జ్యూరీని అడిగాడు. జ్యూరీ నిర్దోషి అంది. చట్టం ఆ రోజు మారలేదు. కానీ ఆ తర్వాత ముద్రాపకుణ్ణి జ్యూరీ ముందుకు ఈడ్చడానికి గవర్నర్లు జంకారు.

ఆడవాళ్లు ఈ పనిలో ఉండేవాళ్లా?

చాలామంది. ప్రెస్ ఇంట్లోనే, లేదా ఇంటిని ఆనుకునే ఉండేది. భార్య, కూతుళ్లు కాగితాలు మడవడం, కుట్టడం, కంపోజింగ్ అన్నీ నేర్చేవాళ్లు. భర్త పోతే పని ఆగకపోవడానికి కారణం అదే. చార్ల్స్‌టన్‌లో ఫ్రాంక్లిన్ భాగస్వామి లూయిస్ తిమోతీ 1738 చివర్లో చనిపోతే, వారాల్లోనే భార్య ఎలిజబెత్ ‘సౌత్ కరోలినా గెజిట్’ను కొడుకు పేరుతో తెచ్చింది. కొడుకు చిన్నపిల్లవాడు, నడిపింది ఆమె. భర్త ఉన్నప్పుడు సరిగా అందని లెక్కలు ఆమె చేతికొచ్చాక మూడు నెలలకోసారి ఠంచనుగా వచ్చేవనీ, చివరికి ప్రెస్సునే కొనేసిందనీ ఫ్రాంక్లిన్ మెచ్చుకున్నాడు. ఆడపిల్లలకు సంగీతం, నాట్యం కన్నా లెక్కలు నేర్పడం మేలని అదే చోట రాశాడు.

న్యూపోర్ట్‌లో ఆన్ ఫ్రాంక్లిన్ (జేమ్స్ భార్య, అంటే బెంజమిన్ వదిన), అనాపొలిస్‌లో ఆన్ క్యాథరిన్ గ్రీన్, విలియమ్స్‌బర్గ్‌లో క్లెమెంటీనా రిండ్ కూడా ఇలా నిలబడ్డవాళ్లే.

బానిసలు కూడా పనిచేశారా?

చేశారు. దీన్ని మరుగున పెట్టి ‘పత్రికా స్వేచ్ఛ’ కథ ఒక్కటే చెప్పడం తగదు. న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో డేనియల్ ఫౌల్ 1756లో పెట్టిన ‘న్యూహాంప్‌షైర్ గెజిట్’ను అచ్చులాగింది ప్రైమస్ అనే నల్లజాతి బానిస. చదవడం రాదు. తాను చదవలేని పేజీలను ఏళ్ల తరబడి లాగాడు. బోస్టన్‌లో థామస్ ఫ్లీట్ దగ్గర పీటర్ ఫ్లీట్ అనే బానిస కథాగీతాలకు చెక్క మీద బొమ్మలు చెక్కాడు, అతని కొడుకులు పాంపీ, సీజర్ కూడా ఆ ప్రెస్సులోనే పనిచేశారు.

పారిపోయిన బానిసను పట్టిస్తే బహుమానం, ఫలానా మనిషి అమ్మకానికి ఉన్నాడు అనే ప్రకటనలు దాదాపు ప్రతి పత్రికకూ రాబడి. ఫ్రాంక్లిన్ నడిపిన ‘పెన్సిల్వేనియా గెజిట్’ పత్రికలోనూ ఉన్నాయి. ముసలితనంలో ఆయన బానిసత్వ వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడయ్యాడు, ఆ డబ్బు మాత్రం అప్పటికే ప్రెస్సులో కలిసిపోయింది.

స్టాంపు చట్టం ముద్రాపకులను ఎందుకంత రెచ్చగొట్టింది?

1765లో బ్రిటన్ వేసిన పన్ను నేరుగా వాళ్ల పొట్ట మీద పడింది. పత్రిక సగం కాగితమైతే అర పెన్నీ, పూర్తి కాగితమైతే ఒక పెన్నీ, ప్రతి ప్రకటనకూ రెండు షిల్లింగులు. పంచాంగాలకూ, లావాదేవీల పత్రాలకూ అన్నిటికీ స్టాంపు వేసిన కాగితమే వాడాలి. చందాదార్లు అసలే ఏళ్ల తరబడి బాకీ పెట్టేవాళ్లు. చట్టం అమలయ్యే ముందురోజు, అక్టోబరు 31న, ‘పెన్సిల్వేనియా జర్నల్’ మొదటి పేజీని సమాధి రాయిలా, నల్లటి గీతలతో, పుర్రె బొమ్మతో వేసింది. 1766లో చట్టం రద్దయింది. అప్పటిదాకా అన్ని పక్షాల మాటా వేస్తామని చెప్పుకున్న ముద్రాపకులకు ఆ తర్వాత మధ్యలో నిలబడటం కష్టమైపోయింది.

జర్మన్ ప్రెస్సులకూ తెలుగుకూ సంబంధం ఉందా?

ఒక చిన్న, నిజమైన దారం ఉంది. జర్మన్‌టౌన్‌లో క్రిస్టఫర్ సవర్ 1743లో జర్మన్ బైబిల్ వేశాడు. ఐరోపా భాషలో అమెరికాలో వచ్చిన మొదటి బైబిల్ అదే. దానికి ఆధారం జర్మనీలోని హాలే నగరంలో అచ్చయిన లూథర్ బైబిల్. అదే హాలేలో, తమిళనాడు తీరంలో పనిచేసి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. ఇప్పటికి తెలిసినంతలో మన తొలి అచ్చు పుస్తకాలు అవే.

పాత పేజీల్లో ‘ఎస్’ అక్షరం ‘ఎఫ్’లా కనిపిస్తుందేం?

అది పొడుగు ‘ఎస్’. మాట మొదట్లో, మధ్యలో వాడేవాళ్లు, చివర మాత్రం మామూలు ‘ఎస్’. జాగ్రత్తగా చూస్తే అడ్డగీత పూర్తిగా ఉండదు.

స్వాతంత్ర్య ప్రకటనను ఎవరు అచ్చు వేశారు?

1776 జులై 4 రాత్రి ఫిలడెల్ఫియాలో జాన్ డన్‌లప్ ప్రెస్సులో హడావుడిగా సుమారు 200 ప్రతులు తీశారు. ఇప్పుడు 26 ఉన్నట్టు లెక్క. వాటి మీద సంతకాలు చేసినవాళ్ల పేర్ల జాబితా లేదు. కాంగ్రెస్ (కాలనీల ప్రతినిధుల సభ) అధ్యక్షుడు జాన్ హాంకాక్, కార్యదర్శి చార్ల్స్ థామ్సన్ పేర్లు మాత్రమే ఉన్నాయి. మిగతావాళ్ల పేర్లు బయటపడటం అంటే రాజద్రోహానికి ఒప్పుకోవడమే.

ఆ పేర్లతో మొదటి ప్రతిని 1777 జనవరిలో, కాంగ్రెస్ బాల్టిమోర్‌లో ఉన్నప్పుడు, మేరీ క్యాథరిన్ గొడార్డ్‌తో వేయించారు. ఆమె ఆ ఊళ్లో పత్రిక నడుపుతోంది, పోస్ట్‌మాస్టర్ కూడా. మామూలుగా తన ప్రెస్ నుంచి వచ్చే కాగితాల మీద ‘ఎం. కె. గొడార్డ్’ అని పొట్టిగా వేసేది. ఈ ప్రతి అడుగున మాత్రం ఒక్కో అక్షరం కేసులోంచి ఏరి పేరు మొత్తం పెట్టింది: ‘బాల్టిమోర్, మేరీల్యాండ్. ముద్రించినది మేరీ క్యాథరిన్ గొడార్డ్.’